మొక్కజొన్నలో మగపూత తీయాలా? ముందు ఎకరాకు మొక్కలెన్నో లెక్కపెట్టండి

మొక్క కొసన వచ్చే మగపూతను తీసేస్తే కండె బాగా నిండుతుందన్న మాట మొక్కజొన్న పండించే ఊళ్లలో తరచూ వినిపిస్తుంది. అందులో నిజం ఉంది, కానీ కొంతే. పూత తీయడం వల్ల వచ్చే లాభం చేలో మొక్కలు ఎంత చిక్కగా ఉన్నాయన్న దాన్ని బట్టి మారుతుంది. మొక్కల లెక్క తప్పిన చేలో మగపూతను ఎంత జాగ్రత్తగా తీసినా పోయిన దిగుబడి తిరిగి రాదు. అందుకే ఇక్కడ ముందు విత్తడం గురించి, తర్వాతే పూత గురించి చెబుతున్నాను. పూత సంగతి ఒక్కటే కావాలనుకునేవారు కాస్త ఓపిక పట్టాలి.

మొదటి పని: పంట దేనికోసమో తేల్చుకోండి

గింజ కోసం వేసిన చేలో మగపూత తీయడం మీ ఇష్టం. హైబ్రిడ్ విత్తనోత్పత్తి చేలో ఆడ వరుసల్లోని (విత్తనం తీసుకునే వరుసల్లోని) ప్రతి మొక్కకూ తీయాల్సిందే, ఒక్కటి కూడా మిగలకూడదు. బేబీకార్న్ చేలో మొత్తం తీసేయాలి. స్వీట్‌కార్న్‌లో తీయనక్కర్లేదు. అక్కడి ఇబ్బంది వేరు: పక్క చేలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి వచ్చి పడితే ఆ గింజలు తీపి తగ్గి పిండిగా తయారవుతాయి. రెండూ ఒకేసారి పూతకు రాకుండా విత్తే తేదీలు మార్చుకుంటే చాలు.

మొక్కల సంఖ్య కూడా ఈ నిర్ణయాన్ని బట్టే మారుతుంది.

రెండో పని: దూరాన్ని మొక్కల లెక్కలోకి మార్చండి

ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. సాళ్ల మధ్య దూరాన్ని, మొక్కల మధ్య దూరాన్ని మీటర్లలో గుణించి, వచ్చినదానితో 4,047ను భాగిస్తే ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయో తెలుస్తుంది. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే సుమారు 33,700 మొక్కలు. 75, 20 పెడితే సుమారు 27,000. 60, 25 పెట్టినా అదే 27,000. అంటే మొక్కల సంఖ్య మార్చకుండానే సాళ్లు దగ్గరగా వేయాలా, దూరంగా వేయాలా అన్నది మీ పనిముట్లను, కలుపు తీసే పద్ధతిని బట్టి ఎంచుకోవచ్చు. 60, 15 పెడితే సుమారు 45,000. ఇది బేబీకార్న్‌కు సరిపోయే లెక్క, గింజ పంటకు ఎక్కువ.

గింజ పంటలో నీటి వసతి, సారవంతమైన నేల, పొట్టిగా నిటారైన ఆకులతో పెరిగే మధ్యకాలిక హైబ్రిడ్ ఉంటే 33,000 వైపు వెళ్లండి. వర్షాధారమైన ఎర్ర చల్కా నేల అయితే 27,000 దగ్గర ఆగడం మంచిది. యాసంగిలో చీడపీడలు తక్కువ, పంటకాలం ఎక్కువ, ఎండ నిలకడగా ఉంటుంది కనుక చిక్కదనాన్ని చేను తట్టుకుంటుంది. వానాకాలంలో మబ్బు రోజులు ఎక్కువైతే అదే చిక్కదనం భారమవుతుంది. విత్తన సంచి మీద రాసిన దూరాన్ని కూడా చూడండి. ఏ హైబ్రిడ్ ఎంత ఒత్తిడికి ఓర్చుకుంటుందో దాన్ని తయారు చేసినవారికే బాగా తెలుస్తుంది.

మూడో పని: అన్నీ ఒకే రోజు మొలిచేలా విత్తండి

ఎకరాకు ఎనిమిది కిలోల విత్తనం అన్న లెక్క అందరికీ తెలిసిందే. గింజ పరిమాణాన్ని బట్టి అది కాస్త అటూ ఇటూ అవుతుంది. అంతకంటే ముఖ్యమైనది లోతు. తేమ ఉన్న నేలలో మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున, చేనంతా ఒకే లోతున గింజ పడాలి. ఒక చోట పైపైన, మరో చోట లోతుగా పడితే మొలకల మధ్య నాలుగైదు రోజుల తేడా వస్తుంది. ఆలస్యంగా మొలిచిన మొక్క పక్క మొక్కల నీడలో పెరిగి, నీరూ ఎరువూ తీసుకుని, చివరికి కండె వేయకుండానో పిడికెడు గింజలతోనో ఆగిపోతుంది. లెక్కలో అది మొక్కే, చేసే పని మాత్రం కలుపు పనే.

కృష్ణా, గుంటూరు డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో దుక్కి చేయకుండా నేరుగా విత్తే రైతులు దీన్ని ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. వరి కొయ్యల మధ్య నేల గట్టిపడిన చోట్ల గింజ పైనే ఉండిపోతుంది. తాడు పట్టి, కర్రతో గుంట వేసి విత్తేటప్పుడు గుంట లోతు ఒకేలా ఉండేలా కర్రకు గుర్తు పెట్టుకోవడం చిన్న పనే, ఫలితం మాత్రం పెద్దది.

కుదురుకు రెండు గింజలు వేసినవారు మొలకెత్తిన పది, పన్నెండు రోజుల్లో ఒకటి తీసేయాలి. చేతులు రాక చాలామంది ఈ పని మానేస్తారు. ఒకే కుదురులో రెండు మొక్కలు నిలిస్తే రెండూ సన్నబడతాయి. ఖాళీలు నింపాలనుకుంటే మొలక వచ్చిన వారంలోపే నింపండి, ఆ తర్వాత వేసిన గింజ ఆలస్యపు మొక్కే అవుతుంది. 2018లో దేశంలోకి వచ్చిన కత్తెర పురుగు మొదటి మూడు వారాల్లోనే మొక్కల సంఖ్యను తగ్గిస్తుంది కాబట్టి విత్తనశుద్ధి చేసిన గింజనే వాడండి. మొక్క సుడిలోని లేత ఆకుల్లో రంధ్రాలు, పొడి లాంటి విసర్జితం కనబడుతున్నాయేమో రోజూ చూడండి.

నాలుగో పని: చేలో నిలబడి లెక్కపెట్టండి

విత్తినన్ని మొలవవు, మొలిచినన్ని నిలవవు. ఇరవై రోజుల పంటలో నిజంగా ఎన్ని మొక్కలు ఉన్నాయో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. సాళ్ల దూరం 60 సెంటీమీటర్లు అయితే ఒక సాలు వెంట 6 మీటర్ల 74 సెంటీమీటర్లు కొలిచి, అందులోని మొక్కలు లెక్కపెట్టండి. అది ఎకరాలో సరిగ్గా వెయ్యో వంతు. 31 మొక్కలుంటే ఎకరాకు 31,000 అన్నమాట. 75 సెంటీమీటర్ల సాళ్లకు కొలవాల్సింది 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. గట్ల పక్కన కాకుండా చేను లోపల ఐదారు చోట్ల ఇలా లెక్కపెట్టి సగటు తీయండి.

కోతకు ముందు అదే చోట్ల మళ్లీ లెక్కపెట్టండి. ఈసారి మొక్కలను కాదు, గింజ ఉన్న కండెలను. మొక్కలకూ కండెలకూ మధ్య తేడా పది శాతం దాటితే మీ చేను మోయగలిగిన దానికంటే ఎక్కువ మొక్కలు వేశారనో, పూత సమయంలో నీరు తగ్గిందనో అర్థం. ఈ రెండు అంకెలు ఒక పుస్తకంలో రాసుకున్న రైతుకు వచ్చే ఏడాది ఎంత దూరం పెట్టాలో మరొకరు చెప్పనక్కర్లేదు.

చిక్కదనం చేలో చేసే పని

దిగుబడి మూడు అంకెల గుణకారం: కండెల సంఖ్య, కండెకు గింజల సంఖ్య, గింజ బరువు. చిక్కదనం పెంచితే మొదటిది పెరుగుతుంది, మిగతా రెండూ తగ్గుతాయి. ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం. 27,000 కండెలు, కండెకు 450 గింజలు, వెయ్యి గింజల బరువు 260 గ్రాములు అయితే ఎకరాకు సుమారు 31.6 క్వింటాళ్లు. 33,000 కండెలు, 400 గింజలు, 250 గ్రాములు అయితే 33 క్వింటాళ్లు. కండెలు చిన్నవైనా బరువు పెరిగింది. ఇక 45,000 మొక్కలు వేసి, అందులో పదిహేను శాతం గొడ్డుపోయి, మిగతా వాటిలో 300 గింజలు, 230 గ్రాములే వచ్చాయనుకోండి, సుమారు 26.4 క్వింటాళ్లకు పడిపోతుంది. పెద్ద కండెలు చూసి మురిసిపోవడం, చిక్కటి చేను చూసి మురిసిపోవడం రెండూ మోసం చేసేవే.

గొడ్డుపోవడం ఎందుకు జరుగుతుందో తెలిస్తే మగపూత విషయం కూడా సగం తేలిపోతుంది. మొక్కజొన్నలో మగపూత కొసన వస్తుంది, కండె నడుమన వస్తుంది. ఆహారం కొరతగా ఉన్నప్పుడు మొక్క కొసకే ముందు పెడుతుంది. మామూలు చేలో మగపూత పుప్పొడి రాల్చడం మొదలైన రెండు మూడు రోజుల్లో కండె కొస నుంచి పీచు (గింజకొకటి చొప్పున పుప్పొడిని అందుకునే దారాలు) బయటకు వస్తుంది. చిక్కటి చేలోనూ, బెట్ట తగిలిన చేలోనూ మగపూత సమయానికే వస్తుంది, పీచు మాత్రం వెనకబడుతుంది. ఒక మొక్క పుప్పొడి రాల్చేది ఐదు నుంచి ఎనిమిది రోజులు. పీచు అంతకంటే ఆలస్యమైతే పుప్పొడి అందదు. కండె మొదట్లోని గింజల పీచు ముందు, కొసన ఉన్న గింజల పీచు చివర బయటపడుతుంది కనుక కొస బోడిగా మిగలడం ఇందుకు మొదటి గుర్తు.

కాబట్టి మొక్కలు పెంచినప్పుడు నత్రజనిని ఒకేసారి వేయకుండా విత్తేటప్పుడు, మోకాలెత్తు దశలో, మగపూత బయటపడే ముందు అని విడదీసి వేయండి. పూతకు ముందు పది రోజులు, తర్వాత రెండు వారాలు నేల ఆరకూడదు. ఆ రోజుల్లో ఒక తడి పెట్టకుండా వదిలేసి దూరం గురించి ఎంత ఆలోచించినా ఫలితం లేదు.

మగపూత తీస్తే ఏం జరుగుతుంది

రెండు మేళ్లు. ఒకటి, పూత పై ఆకుల మీద వేసే నీడ పోతుంది. మొక్కలు పలచగా ఉన్నప్పుడు ఆ నీడ లెక్కలోకి రాదు. ఎకరాకు ముప్పై వేలు దాటినప్పుడు ముప్పై వేల పూతల నీడ కండె పైనున్న ఆకుల మీద పడుతుంది, గింజకు ఆహారం పంపేది ఎక్కువగా ఆ ఆకులే. రెండు, పుప్పొడి తయారీకి పోయే నత్రజని, పిండిపదార్థం కండె వైపు మళ్లుతాయి. పూత తెరుచుకోకముందే తీస్తేనే ఈ రెండో మేలు దక్కుతుంది, పుప్పొడి రాలిపోయాక తీస్తే మిగిలేది నీడ తగ్గడం ఒక్కటే.

అయితే పాత రకాలకూ ఇప్పటి హైబ్రిడ్లకూ తేడా గమనించండి. అమెరికాలో గత శతాబ్దం పొడవునా చిక్కటి చేలలో నెగ్గిన మొక్కలనే ఎంచుకుంటూ వచ్చారు. 1930లలో ఎకరాకు పన్నెండు వేల దగ్గర ఉన్న మొక్కల సంఖ్య ఇప్పుడు ముప్పై రెండు వేల దగ్గర ఉంది. ఆ ఎంపికలో మగపూత తనంతట తానే చిన్నదైపోయింది. రైతు చేతితో తీయాలనుకున్న పూతలో కొంత భాగాన్ని శాస్త్రవేత్తలు విత్తనంలోనే తగ్గించారన్నమాట. నాలుగైదు సన్నని కొమ్మలతో పలచటి పూత వేసే హైబ్రిడ్‌లో కూలి పెట్టి తీయించడం నా దృష్టిలో డబ్బు దండగ. గుబురుగా పూత వేసే రకాల్లో, ఇంట్లో పశువులుండి ఆ పూతను మేతగా వాడుకోగలిగినవారు ప్రయత్నించవచ్చు.

గింజ పంటలో తీసి చూడాలనుకుంటే

చేనంతా తీయకండి. పుప్పొడి లేకపోతే గింజే లేదు. రెండు సాళ్లలో తీసి, రెండు సాళ్లు వదిలేయండి. ఒక పూత ఇరవై లక్షలకు పైగా పుప్పొడి రేణువులు రాలుస్తుంది, ఒక కండెకు కావలసినవి వెయ్యి లోపే. సగం పూతలు ఉన్నా చేనుకు సరిపోతుంది. చిన్న మడిలో, గాలి ఎదురుగా తగిలే అంచు సాళ్లలో మాత్రం తీయకండి, అక్కడి పుప్పొడే గాలితో లోపలికి వస్తుంది.

వేసవి ముదిరాక పూతకు వచ్చే చేలో అసలు ముట్టుకోకండి. పగటి ఎండ 38 డిగ్రీలు దాటే రోజుల్లో పుప్పొడి త్వరగా చచ్చిపోతుంది. అప్పుడు ప్రతి పూతా అవసరమే.

పూత తీసే పద్ధతి

రోజు ఎంచుకోవడమే నేర్పు. పూత ఇంకా పై ఆకు చుట్టలోనే ఉండగా లాగితే దానితో పాటు రెండు మూడు ఆకులు ఊడివస్తాయి. ఆలస్యం చేస్తే నడిమి కొమ్మ మధ్య భాగం నుంచి పుప్పొడి తిత్తులు వేలాడటం మొదలవుతుంది. పూత పై ఆకు నుంచి బయటపడి, తిత్తులు ఇంకా కనిపించని ఒకటి రెండు రోజులే మీకున్న వ్యవధి. అన్ని మొక్కలూ ఒకే రోజు రావు కనుక రోజు విడిచి రోజు తిరగాలి. మూడో పనిలో చెప్పినట్టు మొక్కలన్నీ ఒకేసారి మొలిచిన చేలో ఈ తిరుగుడు సగానికి సగం తగ్గుతుంది.

ఎడమ చేత్తో చివరి ఆకు కింద కాండాన్ని పట్టుకోండి. కుడి చేత్తో పూతను మొదట్లో, కొమ్మలన్నీ కలిసి వచ్చేలా పట్టి, నిటారుగా పైకి ఒకే లాగు లాగండి. పక్కకు వంచితే కాండం విరుగుతుంది, కొమ్మలు కొన్ని మిగిలిపోతాయి. కొడవలి వాడకండి, దానితో పాటు ఆకులూ తెగుతాయి. ఒక ఆకు పోతే నష్టం స్వల్పమే. మూడు ఆకులు పోతే దిగుబడి పది శాతానికి పైగా పడిపోతుంది, అంటే పూత తీసి సంపాదించాలనుకున్న దానికంటే ఎక్కువే పోతుంది. కూలీలకు మొదటి రోజు పది మొక్కలు మీరే తీసి చూపించండి. పనిని గంటల లెక్కన ఇవ్వండి, సాళ్ల లెక్కన గుత్తకిస్తే ఆకులు మిగలవు.

కోతప్పుడు తీసిన రెండు సాళ్లను, వదిలేసిన రెండు సాళ్లను ఒకే పొడవు కొలిచి విడివిడిగా ఒలిచి, ఆరబెట్టి, తూకం వేయండి. పచ్చి కండెల బరువు పోల్చవద్దు, తేమ తేడా మోసం చేస్తుంది. అదనంగా వచ్చిన గింజ ధర, మేత విలువ కలిపి కూలి ఖర్చును మించితేనే వచ్చే ఏడాది కొనసాగించండి.

విత్తన చేలో పూత తీత

దేశంలో అమ్ముడయ్యే హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనంలో పెద్ద భాగం తెలుగు నేలలోనే, యాసంగిలో తయారవుతుంది. ఇక్కడ పూత తీయడం దిగుబడి కోసం కాదు, స్వచ్ఛత కోసం. ఆడ వరుసలోని ఒక్క పూత రాల్చిన పుప్పొడి ఆ వరుస పీచు మీద పడితే అక్కడ పుట్టేది హైబ్రిడ్ కాదు.

సాధారణంగా నాలుగు ఆడ వరుసలకు ఒకటో రెండో మగ వరుసలు వేస్తారు. మగ వరుసల మొదట్లో, చివర కర్రలు పాతి గుర్తు పెట్టండి, పూత రోజుల్లో తొందరలో ఏ వరుస ఏదో తికమక పడకుండా ఉంటుంది. చుట్టూ 200 మీటర్ల దూరంలో వేరే మొక్కజొన్న ఉండకూడదు. ఉంటే పూత సమయాలు కలవకుండా ముందే పక్క రైతులతో మాట్లాడుకోండి. పూత మొదలయ్యాక రోజూ పొద్దున్నే, మంచు ఆరి పుప్పొడి రాలకముందే, ప్రతి ఆడ వరుసా తిరగాలి. పీచు ఐదు శాతం మొక్కల్లో కనిపించాక తనిఖీకి వచ్చిన రోజు ఆడ మొక్కల్లో పుప్పొడి రాలుస్తున్నవి ఒక శాతం మించితే చేను తిరస్కరణకు గురవుతుంది. ఎక్కువగా దొరికిపోయేవి మూడే: విరిగి మిగిలిన కొమ్మలు, పక్క పిలకల మీది పూతలు, గాలికి పడిపోయిన మొక్కల పూతలు. తీసిన పూతను సాళ్ల మధ్య పడేయకండి, అది తీశాక కూడా పుప్పొడి వదలగలదు. సంచిలో వేసుకుని చేను బయటకు తెచ్చేయండి.

ఇంత కష్టం ఎందుకు, పుప్పొడి రాని ఆడ మొక్కలనే తయారు చేయవచ్చు కదా అని అనిపిస్తుంది. అమెరికాలో ఆ పనే చేశారు. టెక్సాస్‌లో దొరికిన ఒక మగ వంధ్యత్వ లక్షణాన్ని దాదాపు అన్ని హైబ్రిడ్లలోకీ ఎక్కించి, పూత తీసే కూలీలతో పని లేకుండా చేసుకున్నారు. ఆ లక్షణంతో పాటే ఒక ఆకుమచ్చ తెగులుకు లొంగిపోయే గుణం కూడా మొక్కల్లోకి వచ్చింది. 1970లో ఆ తెగులు దక్షిణం నుంచి ఉత్తరానికి పాకి ఆ దేశపు మొక్కజొన్న పంటలో సుమారు పదిహేను శాతాన్ని తినేసింది. మరుసటి ఏడాది నుంచి విత్తన కంపెనీలు మళ్లీ చేతులతో పూత తీయించడానికి వచ్చాయి. అక్కడి అయోవా, నెబ్రాస్కా రాష్ట్రాల్లో వేసవి సెలవుల్లో బడి పిల్లలు ఇప్పటికీ ఆ పని చేసి జేబు ఖర్చులు సంపాదించుకుంటారు.

పీచు నల్లబడి గింజ కట్టాక మగ వరుసలను కోసి మేతకు వాడేయండి. కోత సమయంలో కలిసిపోయే ప్రమాదం తప్పుతుంది, ఆడ వరుసలకు వెలుగూ నీరూ ఎక్కువ దొరుకుతాయి. మరో మాట, మొలక తగ్గినా మగ వరుస సమయానికి పూయకపోయినా నష్టం ఎవరిదో రాతపూర్వక ఒప్పందంలో ఉంటేనే విత్తన పంట వేయండి. నోటి మాట మీద వేసి తర్వాత బాధపడ్డవారు తక్కువేమీ కాదు.

బేబీకార్న్‌లో

ఇక్కడ గింజ కట్టకపోవడమే కావాలి. చిక్కగా వేసి, పూత బయటపడగానే అన్ని మొక్కలకూ తీసేయండి. పీచు రెండు మూడు సెంటీమీటర్లు బయటకు వచ్చిన ఒకటి రెండు రోజుల్లో కండె కోయాలి. రోజు దాటితే ముదురుతుంది, ధర పలకదు. ఒక మొక్క నుంచి రెండు మూడు కండెలు వస్తాయి. పూత, ఒలిచిన పొట్టు, కోత తర్వాత పచ్చగా ఉన్న చొప్ప మొత్తం పశువులకు పనికొస్తాయి కనుక పాడి ఉన్న ఇంటికి ఈ పంట బాగా కలిసివస్తుంది.

మేత కోసం తలలు కోసేవారికి

గింజ పంటలో కండె పైభాగాన్ని మేతకు కోయడం చాలా ఊళ్లలో ఉన్నదే. ఇది పూత తీయడం లాంటిది కాదు, ఇక్కడ పోయేవి ఆకులు. గింజ పాలు పోసుకునే దశలో కోస్తే తూకం నేరుగా తగ్గుతుంది. కండె మధ్య నుంచి ఒక గింజ ఊడదీసి దాని మొదలు చూడండి. అక్కడ నల్లటి పొర ఏర్పడిందంటే గింజకు ఆహారం చేరడం ఆగిపోయింది, అప్పుడు తల కోసినా నష్టం లేదు. నల్ల పొర రాకముందే మేత అవసరం పడితే గట్టు పక్కన రెండు మూడు సాళ్లు దానికే కేటాయించి, లోపలి చేనును కదిలించకుండా ఉంచండి.